పడవలోకి వాన నీరు చేరడం గురించి

సభ్యులకు నమస్కారం. మొన్నటి వానకు గండికోట జలాశయంలోని మన మోటారు పడవ అడుగున నాలుగు వేళ్ల లోతు నీరు నిలిచింది. ఒడ్డుకెక్కించి, ఆరబెట్టి, పైనుంచి గొట్టంతో తడిపి చూశాక అది పెన్న నీరు కాదు, వాన నీరేనని తేలింది. నీరు కనబడిన చోటే చిల్లు ఉంటుందని దయచేసి అనుకోవద్దు; ఎడమ సీటు కింద చేరిన తడి, నిజానికి మూరెడు ముందున్న రెయిలింగ్ మర (స్క్రూ) సందులోంచి దిగి, ఫైబర్ గోడ వెంట జారి వచ్చింది. అందుకే తడి జాడ తెలిసేలా లోపల సుద్దపొడి చల్లి, కింది నుంచి పైకి ఒక్కో అతుకునూ విడిగా తడపాలి. ఆ మర విప్పితే పాత సీలెంట్ (నీరు చొరకుండా సందు పూడ్చే జిగురు) పెళుసై పొడిలా రాలింది. దానిమీదే కొత్తది పూయడం వృథా. పూర్తిగా గీకి, ఆరనిచ్చి, పడవలకు వాడే మెరైన్ సీలెంట్ పెట్టి బిగించాలి. కిటికీ రబ్బర్లను ఆదివారం పరీక్షిద్దాం. అంతవరకు పడవను నీటిలోకి దించకండి.