కొత్త సభ్యులకు ఆదివారం సేఫ్టీ క్లాసు

కొత్తగా చేరినవాళ్లందరికీ నమస్కారం. ఆదివారం ఉదయం 10 గంటలకు మన చెక్కపని షెడ్డులో క్లాసు. అది అయ్యేదాకా మెషీన్ల జోలికి వెళ్లొద్దు. సుత్తి, చేతిరంపం వరకు ఓకే.

బూట్లు వేసుకుని రండి. చున్నీ, ఉంగరం వద్దు. గ్లౌజులు వేసుకుంటే భద్రం అనుకుంటారు చాలామంది. డ్రిల్లు దగ్గర అవే ప్రమాదం: తిరిగే బిట్టుకు ఒక్క దారం చిక్కినా చెయ్యి లోపలికి లాగేస్తుంది. పోయిన నెల నా గ్లౌజు కొన అలాగే చిరిగింది, వేలు దక్కింది. టేబుల్ రంపం బ్లేడుకు సూటిగా నిలబడకండి, చెక్క వెనక్కి తన్నితే పొట్టలోకే వస్తుంది. బ్లేడు మార్చేముందు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకాలి.

అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే అంటుకోగలవు. బయట తీగ మీద విడివిడిగా ఆరేయండి.

రాలేనివాళ్లు శనివారంలోపు ఇక్కడే చెప్పండి.