టై కట్టుకుని తాళం ముందు నిలబడ్డాం

సంపాదకుడు గారికి నమస్కారములు.

మూడు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో న్యూయార్క్ ‘21’ క్లబ్బు మీద వచ్చిన వ్యాసాన్ని కత్తిరించి, మడిచి, పెట్టెలో పెట్టుకుని మా బావగారు హైదరాబాదు నుంచి ఎడిసన్‌లోని మా ఇంటికి వచ్చారు. ‘నేటికీ కిటకిటలాడే హోటల్’ అని అందులో ఉంది. అది 2020 మార్చిలోనే మూతపడిందనీ, ఇక నిరవధికంగా తెరవబోమని ఆ డిసెంబరులో యాజమాన్యం ప్రకటించిందనీ నేనెంత మొత్తుకున్నా, అచ్చులో పడ్డ మాట ముందు బావమరిది మాట చెల్లలేదు. టై లేనిదే లోపలికి రానివ్వరని కూడా మీరే రాశారు గనుక, 2009లోనే ఎత్తేసిన ఆ నిబంధనను శిరసావహించి, మండుటెండలో టై బిగించుకుని, 52వ వీధిలో తాళం వేసిన ఇనుప గేటు ముందు ఆయన నిలబడ్డారు.

సరే, మూతపడిన సంగతి మీ దాకా రాలేదనుకుందాం; చరిత్రనైనా సరిగా రాయవద్దా? 1922లో గ్రీనిచ్ విలేజ్‌లో ‘రెడ్ హెడ్’ పేరుతో దొంగచాటు బారు తెరిచి, తర్వాత దాన్నే 52వ వీధికి తెచ్చి ‘21’గా మార్చిన జాక్ క్రైండ్లర్, చార్లీ బెర్న్స్‌ల పేర్లే వ్యాసంలో లేవు. మద్యనిషేధపు రోజుల్లో వారు కట్టించిన నేలమాళిగను ‘రహస్య గది’ అని రెండు మాటల్లో తేల్చేశారు. అచ్చం ఇటుక గోడలా కనిపించే ఆ తలుపు బరువు సుమారు రెండున్నర టన్నులు; మాంసం గుచ్చే చువ్వను సన్నని కన్నంలో దూర్చితే తప్ప అది తెరుచుకునేది కాదు. అంతకన్నా తమాషా, ఆ గది ఉన్నది పక్కనున్న 19వ నంబరు ఇంటి కింద. అందుచేత క్లబ్బు ఉన్న 21వ నంబరులో మద్యం దాచలేదని సిబ్బంది అధికారుల ముందు అబద్ధమాడకుండానే ప్రమాణం చేయగలిగేవారు! ఇంత చక్కటి సంగతిని వదిలేసి, ముంగిట్లోని బొమ్మలను ‘కావలిభటులు’ అన్నారు. అవి గుర్రపు పందేల జాకీల బొమ్మలు; ఒక్కొక్కదానికీ ఒక్కో గుర్రపుశాల రంగులు వేశారు. క్రిస్మస్ ముందు సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ వాళ్లు వచ్చి భోజనశాలలో పాటలు పాడే ఆనవాయితీకి గానీ, మూతతో కొలువులు పోయిన 148 మందికి గానీ ఒక్క వాక్యమైనా దక్కలేదు.

ఒకప్పుడు మీ పత్రికలో ఊరి పేరు తప్పు పడినా మర్నాడే సవరణ వేసేవారు. ఇప్పుడు రంగుల ఫొటో పెద్దదైతే చాలు, కింద ఏం రాసినా అడిగేవారు లేరనుకుంటున్నారు కాబోలు.

బావగారి తిరుగు ప్రయాణానికి ఇంకా పది రోజులుంది. ఈలోగా సవరణ వేస్తే, కత్తిరించి అదే పెట్టెలో పెడతాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ