తక్‌పట్టీ చదవని మేనేజ్‌మెంట్ పరిశోధన

సంపాదకులకు,

పీహెచ్‌డీ నోటిఫికేషన్ వచ్చిన ప్రతిసారీ పత్రికల్లో సీట్లెన్ని, గైడ్లెందరు, రోస్టర్ పాటించారా లేదా అన్న చర్చే నడుస్తుంది. ఆ సీట్లలో చేరినవాళ్లు నాలుగైదేళ్లు ఎవరిని ఏం అడుగుతున్నారన్నది మాత్రం ఎక్కడా రాదు. కనీసం మేనేజ్‌మెంట్ విభాగాల సంగతైనా పాఠకులకు తెలియాలని ఈ లేఖ. పంట అమ్మిన రైతుకు తూకం, ధర, కోతలు రాసిచ్చే తక్‌పట్టీ అనే చీటీ దాకా మన పరిశోధన పోవడం లేదన్నదే మా మాట.

మన ఉత్తర తెలంగాణలో మేనేజ్‌మెంట్ థీసిస్ తయారయ్యే తీరు చాలావరకు ఒకటే. ఎక్కడో తయారైన ప్రశ్నావళి ఒకటి తీసుకుంటారు. 384 మందితో నింపిస్తారు. ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి, రెండు విషయాలకు సంబంధం ఉందా అని చూసే కై-స్క్వేర్ పరీక్ష తీస్తారు. చివరి అధ్యాయంలో ‘రైతులకు అవగాహన కల్పించాలి, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి’ అని రాసి బైండింగుకు ఇస్తారు.

సర్వ్‌క్వాల్ సంగతే చూడండి. సేవల నాణ్యతను కొలవడానికి 1988లో అమెరికాలోని ముగ్గురు ప్రొఫెసర్లు తయారుచేసిన 22 వాక్యాల ప్రశ్నావళి ఇది. బ్యాంకు, క్రెడిట్ కార్డు, రిపేరు సర్వీసు, దూరపు ఫోన్ కాల్స్ కంపెనీల ఖాతాదారులను అడిగి దీన్ని కూర్చారు. ఆ పనికి అది మంచిదే. దాన్నే వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు తెచ్చి ‘కంపెనీ’ అన్నచోట ‘మార్కెట్’ అని మార్చితే ఏమవుతుంది? అందులో ఒక వాక్యం సిబ్బంది శుభ్రమైన దుస్తుల్లో, చక్కగా కనిపించాలని. మిర్చి ఘాటుకు ముక్కూ మూతీ తువ్వాలతో కట్టుకుని బస్తాలు మోసే హమాలీకి రైతు ఇక్కడ అయిదింట ఎన్ని మార్కులు వేయాలి?

అది నవ్వుకుని వదిలేయదగ్గ తప్పు. అసలు ప్రమాదం ‘వ్యక్తిగత శ్రద్ధ’ అన్న కొలతలో ఉంది. విత్తనాలకు, మందులకు, బిడ్డ పెళ్లికి అడ్తిదారు (కమీషన్ మీద పంట అమ్మిపెట్టే వ్యాపారి) దగ్గర అప్పు తెచ్చిన రైతును ఆ అడ్తిదారు పేరు పెట్టి పిలుస్తాడు, చాయ్ తాగిస్తాడు, పంట ఎప్పుడు తెస్తున్నావని ఫోన్ చేసి మరీ అడుగుతాడు. అప్పు లేని రైతు కొట్టు ముందు నిలబడ్డా పలకరించే దిక్కుండదు. ఫారంలో మొదటి రైతు అయిదు వేస్తాడు, రెండో రైతు రెండు. అప్పు ఎంత లోతైతే సేవ అంత నాణ్యమైనదని లెక్క తేలుతుంది. ఎస్‌పీఎస్‌ఎస్‌కు ఇందులో తప్పేమీ కనిపించదు.

ఇక 384. ఇది 1.96 వర్గాన్ని 0.25తో గుణించి, 0.05 వర్గంతో భాగిస్తే వచ్చే అంకె. మొత్తం జాబితా చేతిలో ఉండి, అందులోంచి లాటరీ పద్ధతిలో మనుషులను ఎంచుకుని, ఏదైనా ఒక శాతాన్ని అంచనా వేసేటప్పుడే అది చెల్లుతుంది. మన దగ్గర జాబితా ఉండదు, దొరికినవాళ్లను దొరికినట్టు అడుగుతారు. అయినా 384 అని రాయడం మానరు. పైగా ఆ 384 మంది పన్నెండు అడ్తి కొట్ల ముందు దొరికినవాళ్లయితే కొట్టుకు 32 మంది. ఒకే కొట్టు రైతుల జవాబులు కొంత ఒకేలా ఉంటాయి. ఆ పోలికను 0.1 అనుకున్నా, 32లో ఒకటి తీసేసి, మిగిలిన 31ని దానితో గుణించి ఒకటి కలిపితే 4.1. 384ను 4.1తో భాగించండి, మిగిలేది 94 మంది పాటి సమాచారమే. మరి కల్లంలోనే అమ్ముకున్న రైతు, బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర కోసం చూస్తున్న రైతు? వాళ్లు యార్డుకే రారు కాబట్టి లెక్కలోకీ రారు.

భాష దగ్గర ఇంకో తిరకాసు. అన్నిటికీ ‘నాలుగు పెట్టు సార్’ అనేవాళ్లను పట్టుకోవడానికి ఒకటి రెండు వాక్యాలను తిరగేసి అడగాలని పుస్తకాలు చెబుతాయి. ‘తూకం ఆలస్యం కాదు’ అని చదివి వినిపిస్తే రైతు ‘కాదు’ అంటాడు. అది ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా? ఫారం నింపే కుర్రాడికి తోచిందే జవాబు అవుతుంది. ఇక తిరగేసిన వాక్యాలే లేకుండా ఒకరు అన్నిటికీ నాలుగు, ఇంకొకరు అన్నిటికీ మూడు వేస్తూ పోతే క్రోన్‌బాక్ ఆల్ఫా (జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసిగాయో చెప్పే కొలత) 0.9 పైనే వస్తుంది. దాన్ని విశ్వసనీయత అని రాస్తారు. చాలాసార్లు అది విసుగే.

థీసిస్ మీద చివర్లో మౌఖిక పరీక్ష పెట్టే వైవా కమిటీలు చూడని విషయం మరొకటి. థీసిస్ వెనక అనుబంధంలో అచ్చయ్యేది ఇంగ్లిష్ ప్రశ్నావళి. రైతు విన్నది తెలుగు, అదీ అడిగినవాడి నోటికొచ్చిన తెలుగు. అసలు ఏ ప్రశ్న అడిగారో ఆ థీసిస్ చదివినవాళ్లకు ఎప్పటికీ తెలియదు. ఒకరు తెలుగు చేసినదాన్ని, మూలం చూడని మరొకరు తిరిగి ఇంగ్లిష్ చేసి రెండూ సరిచూడాలన్న పద్ధతి 1970 నుంచీ ఉంది. దానికి తోడు ఎనిమిది, పది మందిని కూర్చోబెట్టి ‘ఈ మాటకు నీకేం అర్థమైంది’ అని అడిగితే సగం వాక్యాలు అక్కడే రాలిపోతాయి. రెండు రోజుల పని.

సిరిసిల్లలో కథ వేరు. అక్కడి సాంచాల (మరమగ్గాల) మీద ‘సంస్థ పట్ల నిబద్ధత’ కొలవాలంటే ముందు సంస్థ ఏదో తేలాలి. యజమాని నూలు ఇస్తాడు. ఆసామి తన సాంచాల మీద బట్ట నేయించి కూలి తీసుకుంటాడు, ఒక్కోసారి తనే నేస్తాడు. కార్మికుడికి అందేది ఆసామి చేతినుంచే. ‘నా సంస్థ అంటే నాకు గర్వం’ అన్న వాక్యం ఆసామికి చదివితే ఏం చెప్పాలి? అతను ఉద్యోగీ కాడు, పూర్తి యజమానీ కాడు. ఇలాంటిచోట మన థీసిస్‌లు, దేశాల సంస్కృతులను అంకెల్లో కొలిచిన పరిశోధకుడు హోఫ్‌స్టెడ్ ఇచ్చిన 77 అనే అంకె దగ్గర ఆగిపోతాయి. భారతీయులు పెద్దచిన్న తేడాలను ఎంతగా ఒప్పుకుంటారో చెప్పే అంకె అట. 1967-73 మధ్య ఐబీఎం తన ఉద్యోగులతో నింపించిన ఫారాల్లోంచి అది పుట్టింది. ఆ ఐబీఎం 1978లో దేశం వదిలే వెళ్లిపోయింది. అంకె మాత్రం మనతోనే ఉండిపోయింది.

‘అవగాహన లేదు’ అన్న తీర్పుకూ ఒక చరిత్ర ఉంది. 1964లో హార్వర్డ్ మనస్తత్వవేత్త మెక్‌లెలాండ్ హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థతో కలిసి కాకినాడ వ్యాపారులకు ‘సాధన ప్రేరణ’ (ఏదైనా సాధించాలన్న తపన) శిక్షణ ఇప్పించాడు. లోపం మనిషి తలలో ఉంది, తలను సరిచేస్తే వ్యాపారం పెరుగుతుందన్నది దాని మూలసూత్రం. పెట్టుబడి ఎవరి చేతిలో ఉంది, అప్పు ఏ వడ్డీకి పుడుతుంది అన్నవి ఆ చూపులో వెనక్కి పోతాయి. మన సిఫార్సుల అధ్యాయాలు ఇప్పటికీ ఆ చూపుతోనే రాస్తున్నాం. విమర్శనాత్మక దృష్టి అంటే మేం అడిగేది ఇంతే: మేనేజ్‌మెంట్ ఎవరిది, లెక్క ఎవరు రాస్తారు, లెక్కలోకి రానిది ఏది? అంతేకానీ, అమెరికా స్కేలు స్థానంలో ఫ్రెంచి తత్వవేత్త కొటేషన్ పెట్టడం కాదు. ఆ సరుకూ దిగుమతి అవుతూనే ఉంది.

మరి ఏం చేయాలి? తక్‌పట్టీతో మొదలుపెట్టండి. మిర్చి యార్డులో పొద్దున జెండా పాట అవుతుంది. మేలైన సరుకు మీద ఆ రోజు గరిష్ఠ ధర తేలుతుంది, మర్నాడు పత్రికల్లో వచ్చేదీ అదే. ‘ధర సమాచారం సకాలంలో అందుతోందా’ అంటే రైతు అందుతోందనే చెబుతాడు, జెండా ధర అందరికీ తెలుసు కనుక. ఎన్ని బస్తాలు ఆ ధరకు పోయాయన్నది ఫారంలో ఉండదు.

ఒకే వారంలో, ఒకే రకం, తేజ అనుకుందాం, ముప్పై తక్‌పట్టీలు సేకరించండి. పేర్లు వద్దు, రైతు ఒప్పుకుంటేనే ఫొటో. తేదీ, బస్తాలు, తూకం, తరుగు, పలికిన ధర, ఆ రోజు జెండా ధర, కమీషన్, హమాలీ, దడ్వాయి (తూకం వేసేవాడి కూలి), రొక్కం వెంటనే కావాలంటే పడే కోత, అప్పు కింద పట్టుకున్నది, చేతికొచ్చింది: ఇవీ గళ్లు. లెక్క కోసం నాలుగు క్వింటాళ్లు, జెండా 18,000, పలికింది 15,500 అనుకోండి. ధర తేడా 10,000. బస్తాకు కిలో చొప్పున పది బస్తాలకు తరుగు తీస్తే 1,550. తరుగు మీద జరిగే గొడవ ఎక్కువ, సొమ్ము మాత్రం ధర దగ్గర పోతోందని ఒక్క కాగితం చూపిస్తుంది.

ఆ తేడా సరుకుదా, అప్పుదా? ప్రతి లాటు నుంచి కిలో మిర్చి తీసి తాలు వేరుచేసి తూచండి, తేమ రాసుకోండి. సరుకు సమానంగా ఉన్న లాట్లలో అప్పున్న రైతు ధరనూ, అప్పు లేని రైతు ధరనూ పక్కపక్కన పెట్టండి. ముప్పై కాగితాలతో తీర్పు చెప్పలేం, ఎటు చూడాలో తెలుస్తుంది. తక్‌పట్టీ ఇవ్వకుండా ఉత్త తెల్ల చీటీ చేతికిచ్చిన చోట దాన్నీ విడిగా లెక్కపెట్టాలి. అది పోయిన సమాచారం కాదు, దొరికిన సమాచారం.

పోల్చడానికి దూరం పోనక్కర్లేదు. 1956లో మొదలైన ముల్కనూర్ సహకార సంఘం కూడా అప్పునూ అమ్మకాన్నీ ముడివేసే నడుస్తోంది. అడ్తిదారు చేసేదీ పైకి అదే. మరి ముడి ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడ? వడ్డీలోనా, తూకంలోనా, మిగులు ఎవరికి చేరుతుందన్న దగ్గరా? పత్తి రైతు కాగితాలు రెండు వైపులవీ తీసుకుని చూస్తే తేలే విషయం ఇది. ఎంబీఏ ప్రాజెక్టుకు కూడా సరిపోతుంది.

జర్నళ్లు ఒప్పుకోవన్న సాకు పాతబడింది. పీహెచ్‌డీకి ముందు పేపరు తప్పనిసరి అన్న నిబంధనను యూజీసీ 2022లోనే తీసేసింది. తాను ఆమోదించిన జర్నళ్ల జాబితా ‘కేర్’నూ 2025లో ఎత్తేసింది. కాబట్టి విభాగాల పాఠ్యాంశాలు తేల్చే మన బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లు రెండు పనులు పెట్టవచ్చు. ఫీల్డులో అడిగిన తెలుగు ప్రశ్నలు ఉన్నవున్నట్టు అనుబంధంలో లేనిదే థీసిస్ తీసుకోకూడదు. పది పేజీల తెలుగు సారాంశం మార్కెట్ కమిటీకీ, హమాలీ సంఘానికీ, రైతు సంఘాలకూ ఇచ్చి, వాళ్లు ‘ఇది తప్పు’ అన్నచోట్లను వైవాలో చర్చించాలి.

సంక్రాంతి దాటాక మిర్చి రాక పెరుగుతుంది. విద్యార్థులను పంపే విభాగాలకు ఒక మాట: పొద్దున పాట వేళ ఫారం పట్టుకుని ఎదురైతే ఎవరికీ తీరిక ఉండదు. కాంటాలు అయ్యాక, మధ్యాహ్నం తర్వాత వెళ్లమనండి. అప్పటికి తక్‌పట్టీ రైతు జేబులో ఉంటుంది.

— కొందరు మేనేజ్‌మెంట్ అధ్యాపకులు, హనుమకొండ