కొత్త పెట్టలు వస్తున్నాయి, పాత కోళ్లలో అప్పుడే కలపొద్దు

అందరికీ నమస్కారం 🙏

మనం చెప్పిన గ్రామప్రియ పెట్టలు (మన రాజేంద్రనగర్‌లో తయారైన రకమే) ఈ ఆదివారం ఉదయం 7 గంటలకు రామాలయం దగ్గరికి వస్తాయి. ఎవరి గంప వాళ్లు తెచ్చుకోండి. ఎండెక్కకముందే ఇళ్లకు చేర్చేద్దాం.

దయచేసి తెచ్చిన రోజే పాతవాటిలో వదలకండి. పైకి హుషారుగా ఉన్న పెట్ట కూడా కొక్కెర తెగులు (కోళ్లకు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే రోగం) మోసుకురావచ్చు. కనీసం 3 వారాలు దూరంగా, వేరే చోట ఉంచండి. ముందు పాతవాటికి మేత వేసి, ఆ తర్వాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లండి. చేతులు కడుక్కోండి. తుమ్ముతున్నా, ఆకుపచ్చగా పారుతున్నా, రెక్కలు వాల్చి మూల కూర్చున్నా వెంటనే ఇక్కడ చెప్పండి, పశువుల డాక్టరు గారిని పిలుద్దాం.

ఆ 3 వారాల తర్వాత, పాతవాటికీ కొత్తవాటికీ మధ్య ఒక వారం పాటు జాలీ కట్టండి. ఒకదాన్నొకటి చూసుకుంటూ అలవాటు పడతాయి.

కలిపేది మాత్రం రాత్రిపూటే. పాతవి కర్రెక్కి కునుకు తీస్తుంటే కొత్తవాటిని మెల్లగా పక్కన కూర్చోబెట్టండి. తెల్లారగానే తలుపు తీసి, నూకలు రెండు మూడు చోట్ల చల్లండి. నీళ్లు కూడా రెండు చోట్ల పెట్టండి.

కాస్త పొడుచుకుంటాయి, టెన్షన్ పడొద్దు. కొత్తది తల వంచి పక్కకు తప్పుకుంటే సర్దుకున్నట్టే. రక్తం కనిపిస్తే మాత్రం వెంటనే విడదీయండి, ఎరుపు చూస్తే మిగతావీ వచ్చి పొడుస్తాయి.

ఒక్క పెట్టే చాలన్నవాళ్లు రెండు తీసుకోండి. ఒంటరిదైతే దెబ్బలన్నీ దానికే.

ఎవరికి ఎన్ని కావాలో శుక్రవారం సాయంత్రంలోగా ఇక్కడే రాయండి. మర్చిపోవద్దు 🐔