మంత్రిగారూ, 26కి రెండు రోజుల ముందు 24 వస్తుందండీ!

గౌరవనీయ మంత్రిగారికి నమస్కారాలు.

నాలుగు అర్జీలు పెట్టాక రాస్తున్న ఉత్తరం ఇది. బొబ్బిలి యుద్ధం జరిగిన జనవరి 24ను ప్రభుత్వం తరఫున జరుపుతామని, కోటలో ప్రాణాలు వదిలిన సైనికుల గురించి తెలుగులో ఒక పెద్ద బోర్డు పెట్టిస్తామని సభలో మీరే అన్నారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

మొదటి అర్జీకి జవాబే లేదు. రెండోదానికి, "రిపబ్లిక్ డే ఏర్పాట్ల టెన్షన్‌లో ఉన్నాం, తర్వాత రండి" అన్నారు. అయ్యా, 24 ఏటా 26కి రెండు రోజుల ముందే వస్తుంది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ దొర మన ఆఫీసుల వీలు చూసుకుని ముట్టడి పెట్టలేదు మరి! మూడోదానికి మాత్రం కాగితం వచ్చింది. ఆశగా కవరు చింపి చూస్తే, "విషయం: బొబ్బిలి వీణ తయారీదారుల సమస్య." హస్తకళల వాళ్లకు పంపించారట. వీణలు చేసేవాళ్లకైనా మేలు జరిగితే సంతోషమే. నాలుగోది "పైకి వెళ్లింది" అంటున్నారు. పైన ఉన్నది మీరే కదా సార్?

బొబ్బిలి రాజు రంగారావు గారు, రాణి మల్లమ్మ, తాండ్ర పాపారాయుడు అందరికీ తెలుసు. బుర్రకథలు వాళ్లను బతికించుకున్నాయి. నా బాధంతా మిగతావాళ్ల గురించి. తెల్లవారింది మొదలు ఫిరంగులు బురుజుల్ని కూలగొడుతుంటే ఆ గండ్లలో నిలబడ్డవాళ్లు. బయట ఫ్రెంచి తుపాకులు, విజయనగరం రాజు విజయరామరాజు సేన. లోపల గుప్పెడు మంది. కోట ఇక దక్కదని తేలాక ఇళ్లకు నిప్పు పెట్టి, ఆలుబిడ్డల్ని తమ చేతులతోనే చంపుకొని, మళ్లీ గోడల మీదికి వచ్చారు. ఆ పనిని ఏమనాలో నాకు ఇప్పటికీ నోరు రాదు. లోపలికి వచ్చి చూసిన శత్రువులకే కన్నీళ్లు ఆగలేదని ఆ కాలపు ఆంగ్లేయ చరిత్రకారుడు రాశాడు. అంత బూడిదలోంచి ఒక ముసలాయన పిల్లవాణ్ణి చెయ్యిపట్టుకుని నడిపించుకొచ్చి, 'లా' అనే ఫ్రెంచి అధికారి ముందు నిలబెట్టాడు. "ఇతను రంగారావు కొడుకు, తండ్రి వద్దన్నా నేను కాపాడాను" అన్నాడు. ఆ పిల్లవాడి వల్లే వంశం నిలిచింది. ఆ ముసలాయన పేరు మీలో ఎవరైనా చెప్పగలరా? పోనీ, "పేరు తెలియని ఒక పెద్దాయన" అని బోర్డు మీద ఒక్క వాక్యం రాయడానికి ఏ జీవో అడ్డొస్తోంది?

"వాళ్ల జాబితా ఉందా? ఆధారాలు జతచేశారా?" అని గుమస్తాగారు అడిగారు. జాబితా రాసుకుని చావడానికి వాళ్లకు తీరిక దొరకలేదండీ.

దయచేసి ఆ బోర్డు పెట్టించండి. ఆ రోజు పొద్దున్నే మీరు రాలేకపోతే ఎవరినైనా పంపి ఒక దండ వేయించండి. బోర్డు మాత్రం పెట్టించండి.

సోమవారం అయిదో అర్జీ పట్టుకుని వస్తున్నాను. ఈసారి పైన ఎర్ర ఇంకుతో రాశాను: "వీణ కాదు, యుద్ధం."

ఇట్లు,
మీ చప్పట్ల బాకీదారు