చురుకైన పిల్లల క్లాసు గురించి

టీచర్లందరికీ వందనాలండి. మన కడప సండే స్కూల్లో ఆరో తరగతి పాప కంఠత వాక్యాలన్నీ పది నిమిషాల్లో అప్పజెప్పేసి, మిగతా గంటంతా కిటికీలోంచి చూస్తూ కూర్చుంటోంది. తప్పు పాపది కాదు, మనదే. ఇంకో పది వాక్యాలు ఇస్తే సరిపోదు.

1947లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీషు రచయిత్రి డొరొతీ సేయర్స్ గుర్తుచేసిన పాత చదువు పద్ధతిలో మూడు మెట్లున్నాయి: ముందు వ్యాకరణం, అంటే కంఠతా పట్టే వయసు, తర్వాత తర్కం, అంటే ఎందుకని అడిగి వాదించే వయసు, ఆపైన వక్తృత్వం, అంటే తన మాటల్లో చక్కగా చెప్పగలిగే వయసు. మన పాప అప్పుడే రెండో మెట్టెక్కింది. బైబిల్లోని మంచి సమరయుడి కథలో, దెబ్బలు తిని దారిలో పడున్న మనిషిని చూసి కూడా యాజకుడు ఎందుకు ఆగలేదని అడిగితే మూడు కారణాలు చెప్పి, అందులో ఒకటి కుదరదని తనే కొట్టేసింది! ఎంత సంతోషమేసిందో.

ఆదివారం నుంచి ఇలాంటి పిల్లల్ని వాదించనిద్దాం. తొందరపడి జవాబు చెప్పేయకండి. వచ్చేటప్పుడు తలా రెండు ప్రశ్నలు రాసుకురండి.