మన్యం దారులను ఆటస్థలాలు చేయకండి

అయ్యా,

ఈమధ్య మీ ఆదివారం అనుబంధంలో వేసవి ఆఫ్‌రోడ్ ప్రయాణం (సరైన రోడ్డు లేని చోట సరదాకు బళ్లు నడపడం) మీద రెండు పేజీల వ్యాసం వేశారు. మారేడుమిల్లి దాటి పుల్లంగి, గుడిస, ఆ పైన లోపలి మట్టిదారులు. టైర్లలో గాలి ఎంత తగ్గించాలో, వాగులో రాళ్ల మీద ఏ గేరులో పోవాలో కూడా వివరంగా చెప్పారు. ఆ దారుల వెంట ఊళ్లున్నాయని మాత్రం ఒక్క వాక్యం రాయలేదు. అప్పటినుంచీ నాకు మనసు కుదుటపడక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ లోపలి దారులు చాలావరకు కొండరెడ్డి గిరిజనులు పలుగూ పారా పట్టి చదును చేసుకున్నవి. వాళ్లకు వేరే దారి లేదు. ఎండకు మట్టి పిండిలా మారిన రోజుల్లో పెద్ద బళ్లు వరసకట్టి ఎక్కుతాయి. చక్రాలు గిర్రున తిరిగి మోకాలి లోతు గాళ్లు పడతాయి. జూన్‌లో తొలివాన ఆ గాళ్లలోంచే పారి అంచును కోసేస్తుంది. ఆ తర్వాత ఆటో రాదు, 108 రాదు, నెలలు నిండిన ఆడపిల్లను డోలీ కట్టి మోసుకురావాలి. ఆ డోలీ ఫొటో ఏటా వానాకాలంలో మీ జిల్లా పేజీలోనే చూస్తున్నాం. ఆ పేజీ వేసేవారూ, ఈ అనుబంధం వేసేవారూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరా?

వాగుల సంగతి ఇంకా దారుణం. ఏప్రిల్, మే నెలల్లో ఊరివాళ్లు ఇసుకలో చెలమ తీసి బిందె నింపుకుంటారు. ఈ ఆఫ్‌రోడ్ బృందాలు ఆ ఇసుకలోనే బళ్లు దించి సరదా తీర్చుకుంటున్నారు. రాత్రికి గుడారాలు, మంటలు, బొంగులో చికెన్, సీసాలు. ఎండిన గడ్డికి నిప్పురవ్వ తగిలితే కొండ మొత్తం పోతుంది. తునికాకు, జీడిపిక్కల మీద నాలుగు రూపాయలు కళ్లజూసే కాలం కూడా అదే. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1967 అటవీ చట్టం కింద నేరం. పోడు కోసం కత్తి పట్టిన గిరిజనుడిపై కేసు పెట్టే సిబ్బందికి ఈ మంటలు కనబడవు. బళ్లు వస్తే గేటు ఎత్తుతారు.

కల్వర్టు అడిగితే అటవీ అనుమతి లేదంటారు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) ప్రకారం గ్రామసభ సిఫార్సు చేస్తే హెక్టారు లోపు అటవీ భూమిని రోడ్డుకు ఇవ్వొచ్చు. ఆ సెక్షన్ చదివిన అధికారి ఎదురవడమే అరుదు. 516ఈ జాతీయ రహదారిని వెడల్పు చేయడానికి అన్ని అనుమతులూ వచ్చాయి. 2025లో గిరిజన గ్రామాలకు రోడ్లు వేసే 'అడవితల్లి బాట' మొదలుపెట్టినందుకు ప్రభుత్వాన్ని మెచ్చుకుంటాను, కానీ శంకుస్థాపన రాళ్ల మీద అంబులెన్సు నడవదు. ఈ మన్యంలో రోడ్డు చిన్న విషయం కాదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనుల్లో చేయించిన వెట్టి 1922 నాటి అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ఒక కారణం. అల్లూరి విగ్రహానికి దండలు వేసేవాళ్లకు ఇదైనా గుర్తుండాలి.

మారేడుమిల్లిలో జీపులు నడుపుకొని బతికే కుర్రాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. వాళ్లకు దారి తెలుసు, ఊరివాళ్లు తెలుసు, ఎక్కడ ఆగాలో తెలుసు. నా కోపమంతా బయటినుంచి గుంపుగా వచ్చి, వీడియోలు తీసుకుని, దారి చెడగొట్టి పోయేవారి మీద, వారిని వదిలేసే అధికారుల మీద.

షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీలకు వర్తించే 1996 పెసా చట్టం గ్రామసభకు అధికారం ఇచ్చింది. ఏ దారిలో బండి పోవచ్చో, ఎంత రుసుము కట్టాలో సభే తేల్చాలి, ఆ డబ్బు ఆ దారి మరమ్మతుకే ఖర్చు కావాలి. సభ ఒప్పుకోని బృందాన్ని చెక్‌పోస్టు దాటనివ్వకుండా రంపచోడవరం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ), అటవీ శాఖ కలిసి ఉత్తర్వు ఇవ్వాలి. వానలు పడకముందే, గాళ్లు పూడ్చడానికి వ్యవధి ఉండగానే ఇవ్వాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అడ్డతీగల